అదే కారు, రెండు గొంతులు

ఒకరి పాటను మరొకరు పాడినప్పుడు అందులో ఏది మారుతుంది? బాణీ మారితే చెప్పడం సులువు. మాటలు మారితే మరీ సులువు. బాణీ అదే, ఒకటీ అరా తప్ప మాటలూ అవే, అయినా వినేవాడికి వేరే పాట విన్నట్టుంటే ఆ తేడాను ఎక్కడ వెతకాలి? ఈ ప్రశ్నకు ఈ మధ్య దొరికిన మంచి ఉదాహరణ అమెరికా నుంచి వచ్చింది. 1988లో ట్రేసీ చాప్‌మన్ అనే నల్లజాతి యువతి రాసి, బాణీ కట్టి, పాడిన 'ఫాస్ట్ కార్' అనే పాటను 2023లో ల్యూక్ కోమ్స్ అనే తెల్లజాతి కంట్రీ గాయకుడు మళ్ళీ పాడాడు. అక్కడి బిల్‌బోర్డ్ జాబితాలో మొదటిది 6వ స్థానం దాకా వెళ్ళింది. రెండోది 2వ స్థానం దాకా వెళ్ళింది. ముప్పై అయిదేళ్ళ ఎడంతో ఒకే పాట రెండుసార్లు జనం నోళ్ళలో నానింది.

కంట్రీ అంటే పల్లెపాట అనుకుంటే అది సగం నిజం. అమెరికా దక్షిణాది పల్లెల జానపదంలోంచి పుట్టి, టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరం కేంద్రంగా పెద్ద వ్యాపారమై ఎదిగిన సంగీతమది. గిటారు, ఫిడేలు, దక్షిణాది యాస, చిన్న ఊరు, పాత ట్రక్కు, తాగుడు, తల్లి, చర్చి - ఇదీ అందులో తరచు కనిపించే సామగ్రి. దానికి వేరే రేడియో స్టేషన్లున్నాయి, వేరే జాబితాలున్నాయి, వేరే బహుమతులున్నాయి. అంటే అది సంగీతరీతి మాత్రమే కాదు, ఒక పేట. ఆ పేటలో ఎవరి ఇల్లు ఎక్కడ ఉండాలో చాలాకాలం కిందటే తీర్మానమైపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు పాట.

చాప్‌మన్ 1964లో ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లండ్‌లో పుట్టింది. కార్మికుల ఊరది. తల్లి ఒంటరిగా పెంచింది. బోస్టన్ దగ్గర టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ కాఫీ హోటళ్ళలోనూ వీధుల్లోనూ పాడేది. ఆమె పేరుతోనే మొదటి ఆల్బం 1988 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా డెబ్భయ్యో పుట్టినరోజు పేరిట భారీ సంగీత సభ జరిగింది. మండేలా అప్పటికింకా జైల్లోనే ఉన్నాడు. చాప్‌మన్ మధ్యాహ్నమే తన వంతు పాడి వెళ్ళింది. సాయంత్రం స్టీవీ వండర్ పాడాల్సిన వేళకు ఆయన వాద్యానికి సంబంధించిన కంప్యూటర్ డిస్కు కనబడలేదు. ఖాళీ పూరించడానికి ఆ అమ్మాయినే మళ్ళీ వేదికెక్కించారు. వెనక వాద్యబృందం లేదు. ఒక గిటారు, ఒక గొంతు. టీవీలో అరవైకి పైగా దేశాలు చూస్తున్న సభ. అప్పుడు ఆమె పాడినవాటిలో ఒకటి ఈ పాట. అక్కణ్ణించే అది ప్రపంచానికి తెలిసింది. అదే ఏడాది సెప్టెంబరు 30న ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ యాత్రలో భాగంగా ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కూడా ఆమె పాడింది. కాబట్టి ఈ గొంతుకు మన దేశపు గాలి కొత్త కాదు.

ఇక కథ. పాటలో మాట్లాడేది ఒక అమ్మాయి. తండ్రి తాగుబోతు, ఏ పనీ చేయలేడు. తల్లి విసిగి వెళ్ళిపోయింది. తండ్రిని చూసుకోవడానికి ఆ పిల్ల చదువు మానేసింది. చిన్న కొట్లో పనిచేసి నాలుగు డబ్బులు వెనకేసింది. ఆమె మనసుపడిన మనిషికి వేగంగా పోయే కారుంది. (ఆ మనిషి మగవాడని పాట ఎక్కడా చెప్పదు. వాడుకగా నేను 'అతను' అంటున్నాను.) పొలిమేర దాటి నగరానికి పోతే ఇద్దరికీ పని దొరుకుతుంది, బతుకంటే ఏమిటో తెలుస్తుంది - ఇదీ ఆశ. పోతారు. ఆమెకు సూపర్‌మార్కెట్‌లో బిల్లుల కౌంటర్ దగ్గర పని దొరుకుతుంది. అతనికి దొరకదు. తనకు జీతం పెరుగుతుంది, అతనికీ ఏదో ఒక పని దొరుకుతుంది, పెద్ద ఇంట్లోకి మారతాం అనుకుంటుంది. ఏళ్ళు గడుస్తాయి. పిల్లలు పుడతారు. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. అతను పిల్లల మొహం చూసేదానికన్నా బారులో స్నేహితుల మొహాలు చూసేదే ఎక్కువ. చివరికి ఆమె, నీ కారు తీసుకుని నువ్వు పో, నేను మాత్రం ఎక్కడికీ రాను అంటుంది.

చూడండి, ఇందులో కారు ఒక్కటే, కాని దాని అర్థం మూడుసార్లు మారింది. మొదట అది ఇద్దరికీ దారి. మధ్యలో, పనిలేని సాయంత్రాల్లో ఊరికే తిరిగే కాలక్షేపం. చివరికి అది అతను వెళ్ళిపోవడానికి సాధనం. ఇద్దరం కలిసి తేల్చుకోవాలి అన్న మాట ఆఖరికి వచ్చేసరికి నువ్వే తేల్చుకో అన్న మాట అవుతుంది. పాటలోని విషాదమంతా ఈ ఒక్క సర్వనామం మార్పులో ఉంది. తాగే తండ్రి ఇంట్లోంచి పారిపోయిన పిల్ల, తాగే మనిషి ఇంట్లోనే తేలింది. కాని ఒక తేడా ఉంది. తల్లి వెళ్ళిపోయింది. ఈమె వెళ్ళదు, అతన్ని వెళ్ళమంటుంది. పిల్లలను వదలదు. పేదరికం ఒక తరం నుంచి మరో తరానికి ఎలా చేరుతుందో చెప్పే పాటలు చాలా ఉన్నాయి. ఆ గొలుసులో ఒక్క కొక్కెం ఎక్కడ తెగుతుందో ఇంత సన్నగా చూపించిన పాట నేను మరొకటి వినలేదు.

సంగీతం కూడా ఈ కథకు తగ్గట్టే ఉంది. మొదలవగానే గిటారు మీద ఒక చిన్న మెలిక వినిపిస్తుంది. ఆ మెలికే పాటంతా తిరుగుతూ ఉంటుంది. చక్రం తిరుగుతున్నట్టుంటుంది, కాని బయలుదేరిన చోటికే వస్తుంది. మన పాటల్లో పల్లవి ముందు వచ్చి వినేవాడికి పట్టు దొరుకుతుంది. ఇక్కడ నాలుగు చరణాలు గడిచాక గాని పల్లవి రాదు. వచ్చినప్పుడే డ్రమ్ములు గట్టిగా పలుకుతాయి, గొంతు పైకి లేస్తుంది. ఆ పల్లవిలో ఉన్నది ఒక జ్ఞాపకం - రాత్రి కారులో వేగంగా పోతుంటే, భుజం మీద అతని చెయ్యి ఉంటే, తానూ ఈ లోకంలో ఒక మనిషినేనని అనిపించిన క్షణం. పల్లవి మూడుసార్లు వస్తుంది, మాటలు మారవు, కాని మొదటిసారి ఆశగా వినిపించింది మూడోసారికి పోగొట్టుకున్నదానిలా వినిపిస్తుంది. ఇదంతా పాడుతున్నప్పుడు చాప్‌మన్ గొంతులో ఏడుపు లేదు. ఫిర్యాదు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతుంది. కోర్టులో సాక్షి చెప్పినట్టు. ఏడవాల్సిన పని మనకు వదిలేస్తుంది. ఇది తన సొంత కథ కాదనీ, ఒక జంట కథ అనీ ఆమె చెప్పింది. కాని ఆ బతుకులు దగ్గరనుంచి చూసినవాళ్ళకే ఈ నిబ్బరం వస్తుంది.

కోమ్స్ ఈ పాట విడుదలైన రెండేళ్ళకు, 1990లో, నార్త్ కరోలినా రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడు తండ్రితో ట్రక్కులో పోతూ ఈ క్యాసెట్ విన్నాననీ, తనకెంతో ఇష్టమైన పాటల్లో ఇదొకటనీ చెప్పుకున్నాడు. 2023 మార్చిలో వచ్చిన 'గెటిన్ ఓల్డ్' అనే ఆల్బంలో దీన్ని చేర్చాడు. గిటారు మెలికను ఉంచాడు, చరణాల వరస ఉంచాడు. ముఖ్యంగా, బిల్లుల కౌంటర్ దగ్గర పనిచేసే అమ్మాయిని అని చెప్పుకునే మాటను మార్చలేదు. గడ్డం పెంచిన భారీ మనిషి, తాను కౌంటర్ దగ్గర అమ్మాయినని పాడతాడు. అమెరికాలో చాలామందికి ఇది ఆశ్చర్యంగా తోచింది. అక్కడ మగవాడు ఆడవారి పాట ఎత్తుకుంటే మాట సవరించుకోవడం రివాజు.

మనకు ఇందులో ఆశ్చర్యం లేదు. క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది నాయిక, రాసింది మగవాడు. భామాకలాపంలో సత్యభామ జడ పట్టుకుని నిలబడ్డది తరతరాలుగా కూచిపూడి మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామను చూసినవారెవరూ, ఈయన ఆడది కాదు కదా అని అడగలేదు. పాత్ర వేరు, ఒళ్ళు వేరు అని మన ప్రేక్షకుడికి తెలుసు. కోమ్స్ చేసింది, తెలిసో తెలియకో, ఆ పనే. మాట మార్చి ఉంటే పాట అతని ఆస్తి అయ్యేది. మార్చకపోవడం వల్ల అతను ఆ అమ్మాయి కథను మోసుకొచ్చినవాడయ్యాడు. ఈ వినయం ఆ రికార్డులోని మొదటి గుణం.

మరైతే తేడా ఎక్కడ? నాకు తోచింది ఇది. చాప్‌మన్ పాడితే ఆ అమ్మాయి ఇంకా ఆ ఇంట్లోనే, వంటగదిలోనే నిలబడి మాట్లాడుతున్నట్టుంటుంది. కోమ్స్ పాడితే ఎప్పుడో జరిగినదాన్ని దూరంనుంచి తలుచుకుంటున్నట్టుంటుంది. అతని గొంతు పెద్దది, వెచ్చనిది, అంచుల్లో కాస్త గరుకు. పల్లవి దగ్గర అది నిండుగా తెరుచుకుంటుంది. వెనక బృందం ఆ గొంతును ఎత్తి పట్టుకుంటుంది. చాప్‌మన్ ఖాళీగా వదిలిన చోట్లన్నీ నిండిపోతాయి. స్టేడియంలో వేలమంది చేతులెత్తి పాడుకోవడానికి వీలైన పాట అవుతుంది. ఆ వేలమంది పాడుకునేది పల్లవినే, జ్ఞాపకాన్నే. ఆఖరి చరణంలోని తెగింపు ఆ హోరులో కొంత మునిగిపోతుంది.

దీనికి కారణం గొంతు ఒక్కటే కాదు. పాటలో తండ్రి ఆ పిల్ల కాలికి పడిన బంధం. అతని తాగుడువల్లే ఆమె చదువు పోయింది. కోమ్స్‌కు మాత్రం తండ్రి ఆ పాటను ఇచ్చినవాడు. పాటలో కారు తండ్రినుంచి తప్పించుకోవడానికి, కోమ్స్ జ్ఞాపకంలో బండి తండ్రి పక్కన కూర్చోవడానికి. అతను పాటను ప్రేమించింది నిజమే, కాని ఆ ప్రేమ వెనక ఉన్న కారు వేరు. అందువల్లే అతని రికార్డులో దుఃఖం కన్నా ఆపేక్ష ఎక్కువ వినిపిస్తుంది. ఇది దోషమని నేననను. పాట విన్న ప్రతివాడూ తన బతుకులోని కారునే అందులో చూస్తాడు. కాని విమర్శకుడు తూకం వేయవలసి వస్తే, ఆ అమ్మాయి నిర్ణయానికి బరువు దక్కింది మొదటి గొంతులోనే అని చెప్పక తప్పదు.

ఈ రెంటికీ మధ్య ఇంకో రికార్డు వచ్చింది. 2015 చివర్లో జోనస్ బ్లూ అనే ఇంగ్లీషు నిర్మాత దీన్ని నృత్యశాలల కోసం లయ పెంచి తయారుచేశాడు. 1988లో బ్రిటన్‌లో చాప్‌మన్ రికార్డు 5వ స్థానానికి చేరితే, ఇది 2వ స్థానానికి చేరింది. కాళ్ళాడించడానికి బాగుంటుంది. ఆ లయలో ఆమె ఆలోచించుకోవడానికి మాత్రం వ్యవధి లేదు. దానితో పోలిస్తే కోమ్స్ పాటను ఎంత గౌరవించాడో తెలుస్తుంది.

ఇప్పుడు పేట సంగతి. 1920లలో అమెరికా రికార్డు కంపెనీలు నల్లవారి పాటలకు ఒక పట్టిక, తెల్ల పల్లెవాసుల పాటలకు మరో పట్టిక వేశాయి. పల్లెల్లో ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నవారే. కంట్రీ సంగీతానికి గుర్తుగా చెప్పే బాంజో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వాద్యం. అయినా అమ్మకంలో గీత గీశారు, ఆ గీతే గోడ అయింది. నాష్‌విల్ రేడియో సభ 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' తొలి తారల్లో డెఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి హార్మోనికా విద్వాంసుడు ఒకడు. తోటివారితో యాత్రలకు పోతే వారు దిగిన హోటల్లో అతనికి గది ఇచ్చేవారు కాదు. 1941లో అతన్ని తీసేశారు. తర్వాత బూట్లు పాలిష్ చేసే కొట్టు పెట్టుకుని బతికాడు. అతను పోయిన రెండు దశాబ్దాలకు, 2005లో, కంట్రీ సంగీత గౌరవ మందిరంలో అతని పేరు చేర్చారు.

ఈ నేపథ్యంలో చూడండి. 2023 జులైలో కోమ్స్ పాట కంట్రీ రేడియో జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఒక నల్లజాతి స్త్రీ ఒక్కతే రాసిన పాట ఆ స్థానం చేరడం అదే మొదలు. ఆ నవంబరు 8న కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ సంవత్సరపు ఉత్తమ గీతం బహుమతి చాప్‌మన్‌కు వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమె. పాట రాసిన ముప్పై అయిదేళ్ళకు! 1988లో దాన్ని ఎవరూ కంట్రీ పాటగా అమ్మలేదు, అలా వినమని ఎవరినీ అడగలేదు. కాని పేద ఇల్లు, తాగే తండ్రి, గిటారు, రోడ్డు - ఇందులో కంట్రీ కానిదేముంది? పాటలో లేని అడ్డంకి పాడినవారి రంగులో ఉంది. ఇది కోమ్స్ తప్పు కాదు. గోడ అతను కట్టలేదు. కాని అతని గొంతులో వచ్చేదాకా తలుపు తెరుచుకోలేదన్న నిజం అతని మంచితనంతో చెరిగిపోదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కాస్త న్యాయం ఉంది. అమెరికా చట్టం ప్రకారం ఒకసారి విడుదలైన పాటను మరొకరు రికార్డు చేయడానికి రచయిత అనుమతి అక్కర్లేదు. బాణీ మూలస్వభావం చెడగొట్టకుండా, చట్టం నిర్ణయించిన రుసుము కడితే చాలు. 2023లో అమ్మిన ఒక్కో ప్రతికి ఆ రుసుము 12 సెంట్లు. రేడియోలో మోగినప్పుడు డబ్బు రచయితకూ ప్రచురణకర్తకూ చేరుతుంది, పాడినవారికి రాదు. పాటంతా చాప్‌మన్ ఒక్కతే రాసింది గనక కోమ్స్ పాడిన ప్రతిసారీ ఫలం ఆమెకు ముట్టింది. మన దేశంలో 1980లలో పాత సినిమా పాటలను కొత్త గొంతులతో పాడించి చౌక క్యాసెట్లు అమ్మిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. టి-సిరీస్ సంస్థ ఎదిగింది ఆ దారినే. మన చట్టంలో 2012 సవరణతో గాని, మొదటి రికార్డింగు జరిగిన ఏడాది ముగిశాక అయిదేళ్ళు ఆగాలన్న నియమమూ, ముందుగానే రుసుము కట్టాలన్న నియమమూ గట్టిపడలేదు.

పరాయి దేశపు ఈ సంగతి నన్నెందుకు ఇంతగా పట్టిందో చెబుతాను. తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉంటే, తన ఆస్తి ఖర్చుపెట్టి 1920లలో మందిరం కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. కన్నడ దేశంలో నంజనగూడులో పుట్టి, మద్రాసులో పేరు తెచ్చుకుని, తమిళ దేశంలో నిద్రించిన తెలుగు వాగ్గేయకారుడికి గుడి కట్టిన మనిషి. మనలాంటి వాళ్ళందరి తరఫున నిలబడగల మనిషి. ఆమె కట్టించిన మందిరం దగ్గర ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆమె వేరే ఆరాధన నడిపి, పోరాడి, 1940 ప్రాంతానికి గాని అందరితో కలిసి పాడే హక్కు సాధించలేదు. ఆ సభల్లో తెలుగు రాని విద్వాంసులు తెలుగు కీర్తనలను అక్షరం తప్పకుండా పాడుతూనే ఉన్నారు. పాటకు పీట వేశారు, గొంతుకు గడప దగ్గర ఆగమన్నారు. రెండు దేశాల కథలూ ఒకటి కావు. రంగు వేరు, కులం వేరు, కాలం వేరు. కాని పాటను నెత్తిన పెట్టుకోవడం, పాట పుట్టిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం రెండు వేర్వేరు పనులనీ, మొదటిది చేసినంత మాత్రాన రెండోది చేసినట్టు కాదనీ రెండూ చెబుతున్నాయి. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష మాట్లాడుకుంటూ బతికే మనకు ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ బహుమతుల సభలో ఆ రెండో పని కొంత జరిగింది. ఏళ్ళ తరబడి వేదికలకు దూరంగా ఉన్న చాప్‌మన్ వచ్చింది. దీపాలు వెలిగేసరికి ముందు కనిపించినవి గిటారు మీద ఆమె వేళ్ళు. ఆ మెలిక వినగానే సభ గుర్తుపట్టి కేకలు వేసింది. మొదటి చరణం ఆమె పాడింది, పక్కన నిలబడ్డ కోమ్స్ శబ్దం రాకుండా పెదవులు కదుపుతూ ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంతులవారీగా పాడారు, పల్లవిలో కలిశారు. అయిపోయాక అతను ఆమెకు వంగి నమస్కరించాడు. ఆ రాత్రి తర్వాత జనం కొనుక్కున్నది 1988 నాటి పాటనే. అది మళ్ళీ జాబితాలకెక్కింది.

మారుగొంతు పాటకు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. అది విన్నవాడు మొదటి గొంతును వెతుక్కుంటూ వెళ్ళాడా, లేక ఇక దానితో పనిలేదనుకున్నాడా? ఈ కొలతతో చూస్తే కోమ్స్ రికార్డు నెగ్గింది. అతని శ్రోతల్లో ఎంతోమంది చాప్‌మన్ పేరు అతని వల్లే విన్నారు. పాఠకులు రెండూ వినాలని నా కోరిక. కోమ్స్‌ది ముందు వినండి, పల్లవి మనసుకు పడుతుంది. తర్వాత చాప్‌మన్‌ది వినండి. ఆఖరి చరణం దగ్గర గొంతు ఎంత తగ్గుతుందో, ఎక్కడా వణకకుండా ఆ మాట ఎలా అంటుందో గమనించండి.